ఊరి సమస్య రాసేటప్పుడు వెటకారం వద్దని ఎందుకంటానంటే

దేవరకొండ వైపు నుంచి ఒకరు అడిగారు: "మా చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ సర్కారు తుమ్మతో పూడిపోయింది. దాని మీద వెటకారంగా నాలుగు ముక్కలు రాస్తే ఊరంతా చదువుతుంది. ఆశగా, మర్యాదగా రాస్తే ఎవరూ పట్టించుకోరు, పైగా భజన చేస్తున్నావంటారు. ఎలా రాయాలి?"

ఆశతోనే రాయండి. మాది నల్లగొండ జిల్లా మునుగోడు ప్రాంతం. ఊరి నీళ్ల గురించి చాలా ఏళ్లుగా రాస్తున్నాను. పత్రికల జిల్లా పేజీలకు ఉత్తరాలు, అధికారులకు ఇచ్చే అర్జీలు, పంచాయతీ గోడకు అతికించే కాగితాలు, అన్నీ. అంతా బాగుందని రాయడాన్ని నేను ఆశ అనను. ఈ పని అయ్యేదే, చేయవలసింది ఫలానా వాళ్లు అని నమ్మి, వివరంగా అడగడం ఆశ. వెటకారంలో ఆ అడగడమే ఉండదు. చదివినవాళ్లు నవ్వుతారు, కడుపుమంట కాస్త చల్లారుతుంది, విషయం అక్కడితో ముగిసిపోతుంది. జవాబు చెప్పవలసిన అధికారికి అందులో ప్రశ్న ఒక్కటీ కనిపించదు.

మా వైపు దీనికి చెల్లించే మూల్యం ఎక్కువ. మా భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. బోరింగు నీళ్లు తేటగా, చల్లగా, నోటికి హాయిగా ఉంటాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. అలా వంగిన నడుము మళ్లీ నిటారు కాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. శుద్ధి చేసి పంపే కృష్ణా నీళ్లకేమో క్లోరిన్ వాసన ఉంటుంది. నాలుకను నమ్ముకుంటే మోసపోయే చోటు మాది.

ఒక ఎండాకాలం రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి మా ఊరి పైపు పగిలింది. కొన్నాళ్లు కుళాయిల్లో ఎర్రమట్టి నీళ్లు వచ్చాయి. చురుకైన కుర్రాడొకడు ఆ బిందె ఫోటో తీసి, ఇక మనకు టీ పొడి ఖర్చు లేదని రాశాడు. ఆ మాట ఊరందరి నోళ్లలో నానింది. పైపు అతికించి, నీళ్లు తేరుకున్నాక కూడా అది పోలేదు. చేతిలో డబ్బు ఆడేవాళ్లు ఇరవై లీటర్ల క్యాన్లకు మారారు. రోజూ క్యాన్ కొనలేని ఇళ్ల ఆడవాళ్లు మళ్లీ పాత బోరింగు దగ్గర బిందెలు పెట్టారు. ఫ్లోరైడ్‌తో మంచం పట్టిన అత్తకు సేవ చేస్తున్న కోడళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ కుర్రాడి మనసులో చెడు లేదు. కానీ జనం నమ్మకం పోగొట్టుకున్నది పైపు తవ్వి పోయిన కాంట్రాక్టరు మీద కాదు, తాగవలసిన నీళ్ల మీద.

అప్పుడు నేను ఒక చిన్న కాగితం రాశాను. పైపు కల్వర్టుకు ఇవతల పగిలింది, దళితవాడకూ చాకలివాడకూ మట్టి నీళ్లు వెళ్లాయి, అతుకు పడింది కానీ ట్యాంకు కడగలేదు. అడిగినవి మూడు: ట్యాంకు కడిగించండి, నీళ్లను జనం ముందు పరీక్షించండి, పాత బోరింగుకు ఎర్ర రంగు వేసి 'తాగరాదు' అని రాయించండి. తప్పు ఎవరిదో కూడా రాశాను, దాచలేదు. చివర, మన ఇంటి దాకా వచ్చిన కృష్ణా నీళ్లను శుభ్రంగా నిలబెట్టుకోవడం మన చేతుల్లో ఉన్న పనే అని రాశాను. ఆ కాగితాన్ని పంచాయతీ కార్యదర్శి తన నోటుతో పైకి పంపగలిగారు. టీ పొడి మాటను ఏ కార్యదర్శి మాత్రం పైకి పంపగలరు?

నీటి సరఫరా ఇంజినీరు వచ్చి బడి ముందు గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేశారు. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. క్లోరిన్ ఉన్నట్టు అది గుర్తు అని, చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని వివరించారు. "అయితే ఆ వాసన ఉంటేనే మంచిదన్నమాట" అంది మా వాడ పెద్దమ్మ ఒకామె. తర్వాత ఇల్లిల్లూ తిరిగి చెప్పింది కూడా ఆమే. ఫోటో పెట్టిన కుర్రాడు ఆ పరీక్షనంతా ఫోనులో తీసి అందరికీ పంపాడు. బోరింగుకు రంగు పడింది. ట్యాంకు కడిగిన తేదీ దాని గోడ మీద రాసే పద్ధతి మాత్రం ఒకసారితో ఆగింది. దాని గురించి ఇంకా అడుగుతున్నాను.

ఇక భజన అనే మాట. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దేశం దాన్ని వింతగా చూసింది. నిలబడినవాళ్లు నవ్వులాటకు నిలబడలేదు. నీళ్ల కోసం, జల సాధన సమితి పిలుపు విని, ధరావతు కట్టి, నామినేషన్ వేసి, చట్టం ఇచ్చిన దారిలోనే నడిచారు. అదే ఏడాది సాధారణ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. 2003లో సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ, మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. ఎంత కోపం ఉంటే చేయగల పని అది! అయినా ఆ కోపం వెంట ఒక కోరిక ఉంది, మా ఊళ్లకు మంచి నీళ్లు ఇవ్వండి అని. దాన్ని ఎవరైనా భజన అనగలరా? స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. కాబట్టి కోపం దాచుకోమని మీకు చెప్పడం లేదు. ఆ కోపంతో ఏమి అడుగుతున్నారో చదివేవాళ్లకు తెలియాలి.

వెటకారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. అది కారణాన్ని వదిలేసి మనుషులకు అంటుకుంటుంది. ఫ్లోరైడ్ ఊళ్లతో సంబంధం కలుపుకోవడానికి వెనకాడిన కుటుంబాలు ఎన్నో. పాలమూరు కూలీలు దూర రాష్ట్రాలకు వెళ్లి ఆనకట్టలు కట్టారు. పాలమూరు కూలీ అనే పేరు గౌరవంగా పలకవలసింది పోయి, చాలాచోట్ల జాలిగానో చులకనగానో పలికారు. రాసేవాళ్లం మనమే మన ఊరికి అలాంటి పేరు పెడితే, అది పిల్లల వెంట పట్నం దాకా వెళ్తుంది.

మన పేరుతో ఒక మంచి కూడా ఉంది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్, ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. నిర్వహణ కష్టమై చాలాచోట్ల ఆగిపోయింది, అది కూడా చెప్పాలి. అయినా ఈ సంగతి చెప్పినప్పుడు మా బడి పిల్లల ముఖాలు వెలగడం చూశాను.

మీ కాలువ గురించి రాసే ముందు, చెరువు నీళ్లు పొలాలకు పంచిన పాత నీరటిని వెంట పెట్టుకుని వాగు నుంచి చెరువు దాకా నడవండి. ఎక్కడ తుమ్మ మూసింది, ఎక్కడ మట్టి కూరుకుంది, ఎక్కడ కాలువ పొలంలో కలిసిపోయింది, అన్నీ రాసుకోండి. గ్రామ నక్షాలో కాలువ ఉందో లేదో చూడండి. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చెరువు అలుగు చివరిసారి ఎప్పుడు పారింది, ఆ ఏడాది ఆయకట్టులో ఎంత మేర నాట్లు పడ్డాయి అని పెద్దలను అడగండి. ఆ జవాబు మీ రాతలో మొదటి వాక్యం కావాలి, ఎందుకంటే ఆ చెరువు నిండగలదని చూపే సాక్ష్యం అదే. తుమ్మను వేళ్లతో తీయకపోతే మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి నరికించమని కాకుండా పెకలించమని అడగండి. సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ తేదీని తర్వాత రాసే ప్రతి రాతలోనూ పెట్టండి. ఇదంతా వానాకాలానికి ముందే కానివ్వండి, నాట్లు మొదలయ్యాక ఆ కాలువలోకి దిగే తీరిక ఎవరికీ ఉండదు. చిత్తుప్రతి రాశాక ఇక్కడ పెట్టండి, చదివి నాకు తోచింది చెబుతాను.