మన గుట్టను ఫోమ్‌లో చెక్కాలంటే

ప్రశ్న: సార్, నమస్తే. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె, డిగ్రీ చదువుతున్న. మా ఊరి గుట్టను, దాని కింది చెరువును 1:72 స్కేలులో మోడల్ చేస్తున్న. వీడియోలు చూసి థర్మాకోల్ చెక్కితే పూసలు రాలుతున్నయి. గుట్ట మీది బండగుండ్లు గుండ్ల లెక్క రాక, పగలగొట్టిన కంకర లెక్క వస్తున్నయి. ఏ ఫోమ్ కొనాలె? గుండు ఎట్ల చెక్కాలె?

జవాబు: తమ్ముడూ, ముందు ఫోమ్ సంగతి. థర్మాకోల్ అంటే ఉబ్బిన పూసలను ఆవిరితో ఒకదానికొకటి అతికించిన దిమ్మె. మొండి కత్తి పూసను కొయ్యదు, పక్కదాని నుంచి పీకేస్తుంది. దాన్ని అడుగున ఎత్తు పెంచడానికి ఉంచుకో. పైన చెక్కడానికి ఎక్స్‌పీఎస్ షీటు తెచ్చుకో. అదీ థర్మాకోల్ లాగే పాలిస్టైరీన్ ప్లాస్టికే, కాకపోతే కరిగించి, నురగ చేసి పలకగా తీస్తారు కాబట్టి లోపలంతా ఒకే తీరుగా సన్నగా ఉంటుంది. డాబాల మీద వేడి దిగకుండా పరిచే నీలం, గులాబీ రంగు పలకలు చూసే ఉంటావు, అవే. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో వాటర్‌ప్రూఫింగ్ సామాను అమ్మేవాళ్ళను ఇన్సులేషన్ బోర్డు అని అడుగు. డాబా పని జరిగేచోట మేస్త్రీని అడిగితే ముక్కలు ఊరికే ఇస్తారు. ఫ్లెక్స్ షాపుల్లో దొరికే సన్‌బోర్డు పీవీసీ. గోడలకు, మెట్లకు బాగుంటుంది, గుండుకు పనికిరాదు.

ఇక గుండు. నీ చేతిలో లోపమేమీ లేదు. నువ్వు చూసిన వీడియోల్లో కొండలు వేరు. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు మంచుగా గడ్డకట్టి, రాయిని పగలగొట్టే చలిదేశాల కొండలు అవి. అందుకే అక్కడ అన్నీ కొసలు, అంచులు. మనది గ్రానైట్. ఈ రాయి భూమిలో ఉండగానే నిలువుకు, అడ్డానికి పగుళ్ళు పడి దిమ్మెలుగా విడిపోతుంది. పగుళ్ళ వెంట నీళ్ళు దిగి రాయిని మెల్లగా కొరుకుతాయి. దిమ్మె మూలకు మూడు దిక్కుల నుంచి నీళ్ళు తగులుతాయి, అంచుకు రెండు దిక్కుల నుంచి, ముఖానికి ఒక దిక్కు నుంచే. అందుకే మూల ముందు అరుగుతుంది, తర్వాత అంచు, చివరకు ముఖం. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయాక మిగిలిందే మనం చూసే గుండు.

నువ్వు కూడా అదే వరుసలో చెక్కు. ఆరు మీటర్ల గుండు నీ స్కేలులో 8 సెంటీమీటర్ల పైచిలుకు. 50 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికిస్తే సరిపోతుంది. ముందు నలుపలకల దిమ్మె కొయ్యి. ఎనిమిది మూలలు తీసెయ్యి. తర్వాత అంచులు. ముఖాలను దాదాపు ముట్టుకోకు, 120 నంబరు గరుకు కాగితంతో ఒక్కసారి తిప్పి వదిలెయ్యి. బంతిలా గుండ్రంగా చేశావంటే అది రాయి అనిపించదు. ఎక్కడో ఒకచోట పాత దిమ్మె చదును కనిపించాలి. కట్టర్ బ్లేడు కొస ఎప్పటికప్పుడు విరిచి కొత్తది తీసుకో, పొడవుగా ఒకే లాగుడులో లాగు.

పైన రెండు గుర్తులు వెయ్యి. ఒకటి, పొర. ఎండకూ వానకూ గ్రానైటు పైభాగం ఉల్లి పొరలా విడుస్తుంది. గుండుకు ఒక పక్కన రెండు మిల్లీమీటర్ల లోతున పొర లేపి, సగంలో ఆపి తుంచెయ్యి. ఆ తుంచిన మెట్టు మీద నీడ పడితే రాయి బరువు తెలుస్తుంది. రెండోది, పగులు. పక్కపక్కన ఉన్న రెండు గుండ్లూ ఒకప్పుడు ఒకే బండ. అందుకే వాటి మీది పగులు ఒకే గీతలో సాగాలి. రెంటినీ పక్కపక్కన గుచ్చి పెట్టుకుని, రెంటి మీదుగా ఒకే గీత గియ్యి. ఇది చేసినవాళ్ళు నాకు చాలా తక్కువ మంది కనిపించారు, కానీ గుట్టను గుట్టగా నిలబెట్టేది ఇదే.

వెండి కాగితం ఉండచుట్టి ఫోమ్ మీద అద్దే పద్ధతి మన గుండుకు వద్దు. అది విరిగిన రాతి ముఖానికి. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు చెయ్యాలనుకుంటే మళ్ళీ లెక్క మారుతుంది. అక్కడ ఇసుకరాయి, పొరలు పొరలుగా ఉంటుంది. సన్నని షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు చేత్తో తుంచి, ఇనుప బ్రష్షు అడ్డంగా లాగాలి. అందుకే ఫోమ్ కొనేముందు పోయి గుట్ట చూడు. వరంగల్ కోటలో ఏకశిల గుట్ట ఎక్కి, వానకాలం నీళ్ళు జారిన నల్లటి చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ఫొటోలు తీసుకో. రంగు వేసేటప్పుడు ఆ చారలు పైనుంచి కిందికే రావాలి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. డ్రాయింగ్ టీచర్‌ని. మా పిల్లలు గ్రానైట్ క్వారీ మోడల్ చేస్తున్నారు. స్ప్రే రంగు కొడితే ఫోమ్ గుంటలు పడి కరిగిపోయింది. ఎందుకు?

జవాబు: మేడమ్, స్ప్రే డబ్బాలోని ద్రావకమే పాలిస్టైరీన్‌ను తినేస్తుంది. థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ద్రవం, రబ్బరు జిగురు, సూపర్ గ్లూ, అన్నిటిదీ అదే గుణం. నల్ల అక్రిలిక్ రంగులో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి, పొడిగా ఆరనివ్వండి. తర్వాత ఏ రంగైనా కుంచెతోనే. అతికించడానికీ ఫెవికాలే, కానీ రెండు పలకల మధ్య గాలి ఆడదు కాబట్టి అది నిండా పూస్తే రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. చుక్కలుగా పెట్టి, వెదురు పుల్లలు గుచ్చి, పైన బరువు పెట్టండి.

క్వారీకి గుండు లెక్క పనికిరాదు. అక్కడ కోతలు చదునుగా, మూలలు పదునుగా ఉండాలి. డ్రిల్లు వేసి చీల్చిన ముఖం మీద సగం గొట్టాల్లాంటి నిలువు గాళ్ళు వరుసగా మిగులుతాయి. స్కేలు ఆనించి, వాడేసిన బాల్ పెన్ను కొసతో సమాన దూరంలో నొక్కుతూ పోతే అవి వస్తాయి. నాదొక కోరిక: మోడల్‌లో ఒక పక్క క్వారీ, ఇంకో పక్క ఇంకా ముట్టని గుట్ట పెట్టించండి. మీ జిల్లాలో ఏ గుట్ట పోయిందో పిల్లల ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు. దాన్ని ఫోమ్‌లోనైనా నిలబెట్టాలి.

ప్రశ్న: వేడి తీగతో ఫోమ్ కోసే హాట్ వైర్ కట్టర్ పిల్లలకు ఇవ్వవచ్చా? (పరకాల)

జవాబు: చిన్నపిల్లలకు వద్దు. పెద్దవాళ్ళు వాడినా కిటికీలు తెరిచి, గాలి ఆడేచోట. కాలిన పాలిస్టైరీన్ పొగ మంచిది కాదు. ఫ్రిజ్‌లలో, కోల్డ్ స్టోరేజీ గోడల్లో ఉండే పసుపు పీయూ (పాలియురేథేన్) ఫోమ్‌కు, సన్‌బోర్డుకు వేడి తీగ అసలే తగలనివ్వకండి. వాటి పొగ విషం. గరుకు కాగితం పట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ప్రశ్న: చెరువు నీళ్ళకు రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పోస్తే ఫోమ్ ఆగుతుందా? మత్తడి (అలుగు) దూకుతున్నట్టు చూపించాలని ఉంది. (నర్సంపేట)

జవాబు: ఫైబర్ పనివాళ్ళ దగ్గర దొరికే పాలిస్టర్ రెజిన్ వద్దు, అందులో స్టైరీన్ ఉంటుంది, అడుగంతా కరిగిపోతుంది. ఎపాక్సీ రెజిన్ తీసుకోండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా పోస్తే ఆ వేడికే ఫోమ్ కుంగుతుంది కాబట్టి రెండు, మూడు మిల్లీమీటర్ల చొప్పున, ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి పొయ్యండి. ముందు అడుగుకు పుట్టీ రాసి, రంగు వేసి, చిల్లు లేకుండా చూసుకోండి. రంగు నీలం వెయ్యకండి. మన చెరువు వానకాలం మట్టి రంగు, ఆ తర్వాత పాచి పచ్చ. మధ్యలో ముదురు, ఒడ్డుకు వచ్చేకొద్దీ లేత.

మత్తడి దూకే నీళ్ళకు, రంగులేని పారదర్శక సిలికాన్ సీలెంట్‌ను ప్లాస్టిక్ కవరు మీద పైనుంచి కిందికి దారాలుగా లాగండి. ఒక రాత్రి ఆరాక ఊడదీసి, మత్తడి గోడ పొడవుకు కత్తిరించి, పైఅంచును మళ్ళీ సిలికాన్‌తోనే అతికించండి. నీళ్ళు పడేచోట తెల్ల రంగు మొద్దు కుంచెతో పొడిపొడిగా అద్దండి.