బారిస్టర్ చదువు సరే, సంపాదన మాటేమిటి?

ప్రశ్న: మాది విజయవాడ. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇయర్ 12లో బయాలజీ, కెమిస్ట్రీ, హిస్టరీ చదువుతోంది. మెడిసిన్ చేస్తుందనుకున్నాం. ఇప్పుడేమో బారిస్టర్ అవుతానంటోంది. పోనీ కార్పొరేట్ లా అంటే అదీ కాదు, ఫ్యామిలీ, పర్సనల్ ఇంజురీ అట. విడాకుల గొడవలు, యాక్సిడెంట్ కేసులు చూసుకోవడానికా ఇంత చదువు అని వాళ్లమ్మ బాధ. ఇందులో డబ్బుంటుందా? ఆడపిల్ల ఆ టెన్షన్ తట్టుకోగలదా? అసలు ఈ రెండు రకాల కేసులకూ సంబంధం ఏమిటి?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మన దగ్గర ఒకే లాయరు పొద్దున ఫ్యామిలీ కోర్టులో, మధ్యాహ్నం మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో కనిపించడం మామూలే. ఇంగ్లండ్‌లో పని పంచుకున్నారు. క్లయింటు ముందు వెళ్లేది సొలిసిటర్ దగ్గరికి. కాగితాలు పోగుచేయడం, అవతలి పక్షానికి ఉత్తరాలు రాయడం, కేసు నడపడం సొలిసిటర్ పని. కోర్టులో నిలబడి వాదించడానికి, లేదా ఈ కేసు నిలుస్తుందా, ఎంతకు సెటిల్ చేసుకోవచ్చు అని లిఖితపూర్వకంగా సలహా తీసుకోవడానికి బారిస్టర్‌ను పెట్టుకుంటారు. బారిస్టర్లలో ఐదుగురిలో నలుగురు దాకా ఎవరి దగ్గరా ఉద్యోగులు కారు. కొంతమంది కలిసి ఛాంబర్స్ అనే ఆఫీసు పెట్టుకుని అద్దె, క్లర్కుల ఖర్చు పంచుకుంటారు. సంపాదన మాత్రం ఎవరిది వాళ్లదే.

లండన్‌లో పేరున్న ఛాంబర్స్ చాలావరకు ఏదో ఒక్క రంగానికే కట్టుబడి ఉంటాయి. బర్మింగ్‌హామ్, లీడ్స్, మాంచెస్టర్, బ్రిస్టల్ లాంటి ఊళ్లలోని కామన్ లా ఛాంబర్స్, అంటే రకరకాల కేసులు చేసేవి, వేరు. అక్కడ చేరిన జూనియర్ మొదటి కొన్నేళ్లు ఫ్యామిలీ, పర్సనల్ ఇంజురీ రెండూ చేయడం బాగా వాడుకలో ఉన్నదే. దీని వెనక డబ్బు లెక్క ఉంది. దెబ్బలు తగిలినవాళ్ల తరఫు కేసులు చాలావరకు 'నో విన్ నో ఫీ' మీద నడుస్తాయి. గెలిస్తేనే ఫీజు, అదీ కేసు తేలాకే. పెద్ద కేసు తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. ఫ్యామిలీ పని అలా కాదు, వారం వారం ఉంటుంది, హియరింగ్‌కు ఇంతని లెక్క. ఒకటి ఇల్లు నడుపుతుంది, ఇంకొకటి ఆలస్యంగానైనా పెద్ద మొత్తం తెస్తుంది.

పని లోపల కూడా రెంటికీ దగ్గరి పోలికే ఉంది. కాపురం విరిగినా కాలు విరిగినా, ఇకముందు ఈ మనిషి ఎలా బతకాలి, దానికి ఎంత కావాలి అనే కోర్టు చూస్తుంది. విడాకుల్లో 1973 నాటి మ్యాట్రిమోనియల్ కాజెస్ యాక్ట్‌లోని 25వ సెక్షన్ ప్రకారం ఇద్దరి ఆదాయం, అవసరాలు, వయసు, పెళ్లయి ఎన్నేళ్లయింది, ముందు పిల్లల బాగు, ఇవన్నీ తూచి ఆస్తి పంచుతారు. యాక్సిడెంట్ కేసులో ఏడాదికి ఎంత ఆదాయం పోయింది, చూసుకునే మనిషికి ఎంత ఖర్చవుతుంది అని తేల్చి, ఓగ్డెన్ టేబుల్స్ అనే పట్టికలు చూసి, వయసును బట్టి ఇన్ని రెట్లు అని గుణిస్తారు. పరిహారం ముందే చేతికొస్తుంది కాబట్టి, ధరల పెరుగుదల పోను దానిమీద వచ్చే రాబడిని అంచనా కట్టి ఆ మేరకు తగ్గిస్తారు. దానికి వాడే డిస్కౌంట్ రేటు 2019 నుంచి మైనస్ 0.25 శాతం ఉండేది. 2025 జనవరిలో దాన్ని ప్లస్ 0.5 చేశారు. పైకి ముప్పావు శాతం తేడానే. కానీ పుట్టుకలోనే మెదడు దెబ్బతిని జీవితాంతం మనిషి తోడు కావాల్సిన పిల్లవాడి కేసులో అది లక్షల పౌండ్లు తగ్గే మాట. లెక్కలంటే భయపడేవాళ్లే లా చదువుతారని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, ఈ రంగంలో అది చెల్లదు.

మీ అమ్మాయి బహుశా కోర్టు అనగానే వాదన ఊహించుకుంటోంది. రోజువారీ పని ఎలా ఉంటుందో చెబుతాను. సాయంత్రం ఐదింటికి క్లర్కు ఫోన్ చేసి రేపు పొద్దున పది గంటలకు ఫలానా ఊళ్లో హియరింగ్ అంటారు. బ్రీఫ్, అంటే కేసు కాగితాలు, మెయిల్‌లో వస్తుంది. మూడు వందల పేజీలుండొచ్చు. ఉదాహరణకు, తొమ్మిదేళ్ల పిల్లాడు రోడ్డు దాటుతుంటే కారు తగిలి కాలు విరిగింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తానన్న మొత్తానికి తల్లిదండ్రులు సరేనన్నారు. అంతటితో అయిపోదు. పిల్లాడి తరఫున కుదిరిన సెటిల్‌మెంట్‌ను జడ్జి ఆమోదించాలి. బారిస్టర్ డాక్టర్ల రిపోర్టులు చదివి, ఈ మొత్తం న్యాయమేనా అని ముందుగా ఒపీనియన్ రాసివ్వాలి. కోర్టులో జడ్జి పిల్లాణ్ని పలకరిస్తారు, ఫుట్‌బాల్ ఆడుతున్నావా అని అడుగుతారు, మచ్చ ఉంటే చూస్తారు. కాలు ఎదుగుదలకు ఇబ్బంది రాదని డాక్టరు రాశారా లేదా అని బారిస్టర్‌ను నిలదీస్తారు. డబ్బు మామూలుగా పద్దెనిమిదేళ్లు నిండేదాకా కోర్టు అధీనంలో ఉంటుంది. మొత్తం పావుగంట పని. కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రిపోర్టులో ఏ పేజీలో ఉందో రాత్రే చూసి పెట్టుకోకపోతే పావుగంటలో పరువు పోతుంది. బయాలజీ ఇష్టమన్న పిల్లకు ఇది చేదుగా ఏమీ ఉండదు. మెడికల్ రిపోర్టును డాక్టరంత కాకపోయినా, డాక్టర్ని ప్రశ్నించేటంత బాగా చదవడమే ఇందులో సగం పని.

మధ్యాహ్నం ఫ్యామిలీ కోర్టు. పిల్లల్ని చూడనివ్వడం లేదని తండ్రి వేసిన అర్జీ, మొదటి హియరింగ్. పిల్లల క్షేమం చూసే క్యాఫ్‌కాస్ సంస్థ ముందే పోలీసు, సోషల్ సర్వీసుల రికార్డులు చూసి చిన్న ఉత్తరం పంపుతుంది. అసలు పని కోర్టు హాలు బయట, కారిడార్‌లో జరుగుతుంది. శనివారం పొద్దున పదికి తీసుకెళ్లి సాయంత్రం ఐదుకు దింపడం, దింపేది తల్లి ఇంటి గుమ్మం దగ్గరా లేక అమ్మమ్మ ఇంట్లోనా, దసరా ఎవరి దగ్గర, క్రిస్మస్ ఎవరి దగ్గర, ఇవన్నీ అవతలి బారిస్టర్‌తో తేల్చుకుని, ఆర్డరు తనే టైపు చేసి జడ్జికి పంపాలి. క్లయింటు కోపంగా ఉంటాడు, ఇవతల తగ్గమని చెప్పాల్సింది తన సొంత బారిస్టరే. ఈ పనికి కావాల్సింది వాగ్ధాటి కాదు. మొహం మీద మొహం పెట్టి "మీరు అడిగేది కోర్టు ఇవ్వదు" అని మర్యాదగా చెప్పగలగాలి. మీ అమ్మాయిలో అది ఉందో లేదో నాకంటే మీకే బాగా తెలుసు.

మన కుటుంబాల సంగతి తెలిసిన బారిస్టర్‌కు అక్కడ ఒక విలువ ఉంది. విడాకుల్లో ఇద్దరూ ఫామ్ ఇ అనే ఫారం నింపి ప్రపంచంలో ఎక్కడ ఏ ఆస్తి ఉన్నా చూపించాలి. కూకట్‌పల్లి ఫ్లాటు మామగారి పేరున ఉంది కానీ డబ్బు అల్లుడిది. పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం ఎవరిది. లాకర్‌లోని నగలు అత్తగారి దగ్గర ఉన్నాయి. వీటిని ఇంగ్లిషు జడ్జికి అర్థమయ్యేలా రెండు పేరాల్లో రాయడం అందరి వల్లా కాదు. ఇంకో చిక్కు ఉంది. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపించాలని 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ లేదు. అందుకే సెలవులకు పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లాలంటే అనుమతి కోసమే అక్కడ పెద్ద వాదన జరుగుతుంది. అలాగే 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్‌లో తప్పెవరిదో చెప్పకుండానే విడాకులు తీసుకోవచ్చు. ఆ డిక్రీ మన దేశంలో చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులను మన సుప్రీంకోర్టు 1991లోనే ఒప్పుకోలేదు.

ఇక డబ్బు. కమర్షియల్ లా బారిస్టర్లతో పోలిస్తే మొదటి పదేళ్లు ఈ రంగంలో సంపాదన బాగా తక్కువ, అది దాచడం అనవసరం. 2013 ఏప్రిల్‌లో లీగల్ ఎయిడ్ కోత పెట్టాక, భార్యాభర్తల మధ్య జరిగే చాలా కేసులకు ప్రభుత్వ డబ్బు రావడం ఆగింది. గృహహింసకు ఆధారాలుంటే తప్ప. పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకునే కేర్ కేసుల్లో మాత్రం తల్లిదండ్రులకు లీగల్ ఎయిడ్ ఉంది, ఫ్యామిలీ జూనియర్లకు కూడు పెట్టేది చాలావరకు అదే. పర్సనల్ ఇంజురీలో కూడా చిన్న కేసులు తగ్గాయి. కారు వెనక నుంచి గుద్దితే మెడ పట్టేసే విప్‌లాష్ గాయాలకు 2021 మే 31 నుంచి ఖాయం రేట్లు పెట్టారు. మూడు నెలల్లోపు తగ్గిపోతే అప్పట్లో 240 పౌండ్లే. అదే రోజు నుంచి రోడ్డు ప్రమాదాల్లో 5,000 పౌండ్ల లోపు గాయాలను స్మాల్ క్లెయిమ్స్‌లోకి తోశారు. అక్కడ లాయరు ఖర్చు ఓడినవాళ్ల నుంచి రాదు. కొత్త బారిస్టర్లు చేయి తిప్పుకోవడానికి పనికొచ్చిన కేసులే ఇవన్నీ. ఎముకలు విరగడం, ఫ్యాక్టరీ ప్రమాదాలు, ఆస్పత్రి నిర్లక్ష్యం, చావు కేసులు మాత్రం ఎక్కడికీ పోలేదు. పదేళ్లు నిలబడి వాటిలోకి ఎదిగినవాళ్లు బాగానే ఉంటారు.

ఆడపిల్ల తట్టుకోగలదా అన్నారు. ఫ్యామిలీ లాలో ఆడవాళ్లే ఎక్కువమంది కనిపిస్తారు, కాబట్టి ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. కష్టం వేరే చోట ఉంది. స్వయం ఉపాధి కాబట్టి సిక్ లీవు డబ్బు రాదు, కాన్పు తర్వాత తిరిగి పని పుంజుకోవడానికి టైం పడుతుంది. ఆడవాళ్ల సగటు ఆదాయం మగవాళ్ల కంటే తక్కువని అక్కడి బార్ కౌన్సిల్ లెక్కలే చెబుతున్నాయి. పసిబిడ్డకు తగిలిన దెబ్బల ఫొటోలు రాత్రి పదకొండింటికి చూడాల్సి రావడం మగవాళ్లకైనా భారమే.

మీరు నిజంగా భయపడాల్సింది వీటికి కాదు, ప్యూపిలేజ్ అనే మెట్టుకు. డిగ్రీ తర్వాత బార్ కోర్సు, దానికి దాదాపు 15 నుంచి 20 వేల పౌండ్ల ఫీజు. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు బారిస్టర్ల సంఘాల్లో (వీటినే ఇన్‌లు అంటారు) ఒకదాంట్లో సభ్యత్వం. ఆ తర్వాత సీనియర్ కింద ఏడాది శిక్షణ, అదే ప్యూపిలేజ్. మొదటి ఆరు నెలలు వెంట తిరిగి నేర్చుకోవాలి, రెండో ఆరు నెలలు సొంతంగా కోర్టుకెళ్లొచ్చు. బార్ కోర్సు చేసేవాళ్లు ఏటా వేలల్లో, ప్యూపిలేజ్ సీట్లు వందల్లో. కోర్సు అయిన ఐదేళ్లలోపు అది దొరకకపోతే ఫీజు కట్టిన డబ్బు, మొదటి డిగ్రీ మిగులుతాయి. దొరికితే కనీస జీతం లాంటిది ఉంది, 2024లో లండన్‌లో 23,078 పౌండ్లు, బయట 21,060. అందుకే నా మాట ఒక్కటే. ఇన్ ఇచ్చే స్కాలర్‌షిప్ అయినా రాకుండా, ప్యూపిలేజ్ ఆఫర్ అయినా చేతిలో లేకుండా బార్ కోర్సుకు అప్పు చేయకండి. ఏదీ రాకపోతే సొలిసిటర్ కావడానికి ఎస్‌క్యూఈ పరీక్షల దారి ఉంది, అక్కడా ఇవే కేసులు ఉంటాయి, నెల జీతం ఉంటుంది.

మెడిసిన్ చేసి తర్వాత లా చదవొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అలా చేసినవాళ్లు ఉన్నారు, కానీ లాకు దారిగా మెడిసిన్ చదివించడం పిల్లకూ నష్టం, ఆ సీటుకూ నష్టం. ఎల్‌ఎల్‌బీయే చేయాలన్న రూలు కూడా లేదు. బయాలజీలోనో సైకాలజీలోనో డిగ్రీ చేసి, ఒక ఏడాది లా కన్వర్షన్ కోర్సు చేస్తే చాలు. ఆమెకు మంచి మార్కులు ఎందులో వస్తాయో అదే తీసుకోమనండి, ప్యూపిలేజ్ దగ్గర మొదట చూసేది డిగ్రీ క్లాసే.

మీ ఊళ్లోనే ఫ్రయర్ స్ట్రీట్‌లో కౌంటీ కోర్టు, ఫ్యామిలీ కోర్టు కలిసే ఉన్నాయి. ఫ్యామిలీ హియరింగులకు బయటివాళ్లను రానివ్వరు, 2025 జనవరి నుంచి విలేకరులకు మాత్రం రిపోర్టు చేసే వెసులుబాటు పెంచారు. కౌంటీ కోర్టులో యాక్సిడెంట్ కేసుల విచారణ ఎవరైనా కూర్చుని చూడొచ్చు, టికెట్టు లేదు. సెలవుల్లో ఒక రోజు పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్లి, ఈరోజు ఫాస్ట్ ట్రాక్ ట్రయల్ (ఒక్క రోజులో ముగిసే విచారణ) ఏదైనా ఉందా అని అషర్‌ను, అంటే అక్కడి కోర్టు సిబ్బందిని, అడిగితే చెబుతారు. మీరు వెంట వెళ్లకండి, ఒక్కదాన్నే పంపండి. రోజంతా కూర్చుని వచ్చాక ఎవరు గెలిచారని అడగొద్దు, సాక్షి ఎక్కడ తడబడ్డాడో చెప్పమనండి.