ఉద్యోగం చేస్తూ గిటార్, కొత్త భాష, బొమ్మలు గీయడం, కసరత్తు, పుస్తకాలు అన్నీ ఒకే రోజులో ఎలా కుదురుతాయి?

ఈ అయిదూ రోజూ చేయాలని మొదలుపెడితే వారం తిరక్కుండానే అన్నీ ఆగిపోతున్నాయని అడిగారు. మీలో పట్టుదల లేక కాదండీ. వీటికి కావలసిన సమయం ఒకే తీరుగా ఉండదు. కొన్నింటికి రోజూ కాసేపు చాలు. కొన్నింటికి ఒకే విడతలో గంటన్నర కావాలి. ఇంకొన్నింటికి మధ్యలో విరామం ఉండి తీరాలి. అన్నింటికీ తలా అరగంట పంచితే ఏ ఒక్కటీ ముందుకు సాగదు.

ముందు లెక్క చూసుకోండి. నిద్ర 8 గంటలు, ఉద్యోగం 9, రాకపోకలు గంటన్నర, వంట, స్నానం, తిండి, ఇంటిపనులు కలిపి రెండున్నర. మొత్తం 21. మిగిలిన 3 గంటల్లో ఫోన్లు, ఇంట్లోవాళ్లతో మాటలు, ఊరికే కూర్చోవడం పోగా నికరంగా చేతికొచ్చేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఈ అంకెను పట్టుకునే ప్లాన్ వేసుకోవాలి. సెలవు రోజు ఉత్సాహంలో రాసుకున్న నాలుగు గంటల టైంటేబుల్ మామూలు రోజున నిలబడదు. పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేయడం అందరికీ ఉన్నదేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. లోటును నిద్రలోంచి మాత్రం పూడ్చుకోవద్దు. పగలు నేర్చుకున్న మాటలూ వేళ్ల కదలికలూ కుదురుకోవడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది.

రోజూ కాసేపు చాలన్నవి భాష, గిటార్. ఒకేసారి రుద్ది చదివినదానికంటే రోజుల మీద పంచుకుని చదివినది ఎక్కువకాలం గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజుకు 15 నిమిషాలు మేలు. భాషకు ఆంకీ లాంటి, ఒకవైపు ప్రశ్న మరోవైపు జవాబు చూపే కార్డుల యాప్ వాడుతుంటే అక్కడొక గొయ్యి ఉంది. రోజుకు 20 కొత్త కార్డులు పెట్టుకుంటే మొదటి వారం హాయిగానే ఉంటుంది. కొన్ని వారాలకు పాత కార్డుల పునశ్చరణే రోజుకు 150 దాటిపోయి, 15 నిమిషాల పని 40 నిమిషాలకు పెరుగుతుంది. చాలామంది భాషను వదిలేసేది సరిగ్గా ఇక్కడే. కొత్తవి 5 నుంచి 8 దగ్గర ఆపండి. బకాయి పేరుకుంటే కొత్త కార్డులను సున్నాకి దించి, పాతవి తేలేదాకా అలాగే ఉంచండి.

గిటార్‌కి 20 నిమిషాలు సరిపోతాయి, లోపల ఏం చేయాలో ముందే తెలిసుంటే. శ్రుతి చేసుకుని వేళ్లు వదులు చేసుకోవడానికి 3 నిమిషాలు. తర్వాతి 12 నిమిషాలు ఒకే ఒక్క ముక్క మీద పెట్టాలి. పాట మొత్తం కాదు, చేయి తడబడే ఆ రెండు కార్డ్‌ల మార్పిడి మాత్రమే. కార్డ్ అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం. తాళం తప్పకుండా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే 4 పెంచండి. రెండుసార్లు తప్పితే 8 తగ్గించండి. చివరి 5 నిమిషాలు ఇష్టమైన పాట. ఈ ఆఖరి ముక్కను కోసేయకండి, రేపు మళ్లీ గిటార్ తీయబుద్ధేసేది దానివల్లే. ఇంకో సంగతి, గిన్నెలు తోమాకో స్నానం చేశాకో వెంటనే వాయించవద్దు. నానిన వేలికొసలు తీగల మీద త్వరగా ఒరుసుకుపోతాయి.

బొమ్మలు మరో జాతి. నీటిరంగులైతే ఒక పూత ఆరాకే రెండోది వేయాలి, లేకపోతే అంచులు పాకిపోతాయి. సామాను తీయడానికి 10 నిమిషాలు, కడిగి సర్దడానికి 10. అరగంటలో మిగిలేది 10 నిమిషాలే కదా! అందుకని దీన్ని రోజువారీ పట్టికలోంచి తీసేసి వారానికి ఒకటి రెండుసార్లు 90 నిమిషాల చొప్పున ఇవ్వండి. మిగతా రోజుల్లో కావాలంటే చిన్న పుస్తకంలో పెన్సిల్ గీత చాలు. కథలు రాయడం, ప్రోగ్రామింగ్, కుట్టుపని కూడా ఈ కోవలోకే వస్తాయి.

బరువులెత్తే కసరత్తు రోజూ చేయాల్సిన పనే లేదు. ఒకే కండరానికి మళ్లీ పని చెప్పేముందు దాదాపు 48 గంటల విరామం ఇవ్వడం మంచిది. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చేది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రాకపోకల్లో నడిచే చురుకైన నడక కూడా ఆ 150లోకే వస్తుంది. పుస్తకానికి విడిగా వేళ కేటాయించనక్కర్లేదు, ప్రయాణంలో కొంత, పడుకోబోయే ముందు కొంత.

ఇప్పుడు వారం ఇలా తయారవుతుంది. భాష రోజూ పొద్దున్నే 15 నిమిషాలు, గిటార్ రోజూ సాయంత్రం 20. ఆ పైన ఏ రోజైనా ఒక్కటే పెద్ద పని. సోమ, బుధ, శుక్రవారాల్లో కసరత్తు, మంగళ, శనివారాల్లో బొమ్మలు. గురువారం ఖాళీ, తప్పిపోయినవి అక్కడికి సర్దుకోవడానికి. ఆదివారం కావాలనే పెద్ద పనేమీ పెట్టకండి. కసరత్తు ఉన్న రోజు గిటార్ ముందు, బరువులు తర్వాత. గట్టిగా పట్టు బిగించి బరువులెత్తాక కొంతసేపు వేళ్లు సన్నగా వణుకుతాయి, కార్డ్‌లు సరిగ్గా పడవు. తప్పు సాధనలో ఉందనుకుని నిరుత్సాహపడేవాళ్లున్నారు, తప్పు వరుసలో ఉంది.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు మనసు వెంటనే మారదు. ముందటి పని అసంపూర్తిగా ఉంటే ఆలోచన దాని దగ్గరే చిక్కుకుంటుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మందు చాలా చిన్నది. ఆపే ముందు ఒక వాక్యం రాయండి: ‘రేపు మూడో వరుస, 72 వేగంతో మొదలు.’ దాన్ని గిటార్ దగ్గరే ఉంచండి. మర్నాడు ఎక్కడ మొదలెట్టాలా అని వెతుక్కోవడం తప్పుతుంది. అలాగే గిటార్‌ని పెట్టెలో కాకుండా స్టాండ్ మీద, పెన్సిల్‌ను పుస్తకంతోపాటే ఉంచండి. పనుల మధ్య 10 నిమిషాలు ఖాళీ వదలండి, ఆ 10 నిమిషాల్లో ఫోన్ తెరవద్దు.

రోజు తప్పితే? మర్నాడు రెట్టింపు చేయకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషినిబట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. బాగా అలసిన రోజుకు ప్రతిదానికీ ఒక కనీసం పెట్టుకోండి: భాషకు 5 కార్డులు, గిటార్‌కి ఒక్క కార్డ్ మార్పిడి, పది గుంజీలు. ఆ రోజు అంతకుమించి చేయకపోయినా సరే. పొద్దున లేవగానే కనీసమా, పూర్తా అన్నది తేల్చుకుంటే రాత్రి పదింటికి మీతో మీరే వాదించుకునే పని ఉండదు.

పరీక్షో పోటీయో, తేదీ ఉన్న లక్ష్యం వచ్చిపడితే పెద్ద పని స్థానం మొత్తం దానికే ఇచ్చేయండి. బొమ్మలను ఎనిమిది వారాలు పక్కన పెడుతున్నట్టు, మళ్లీ మొదలెట్టే తేదీతో సహా రాసుకోండి. తేదీ వేసి ఆపినదాన్ని మళ్లీ పట్టుకోవడం తేలిక, నిశ్శబ్దంగా జారిపోయినదాన్ని పట్టుకోవడమే కష్టం. ఆరో సరదా ఏదైనా మనసులో పడితే మూడు వారాలు ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకదాన్ని ఇలాగే తేదీ వేసి పక్కన పెట్టి, ఆ ఖాళీలో మొదలుపెట్టండి.