స్టాళ్లు పంచే ముందు

చి.ల.సౌ. శ్రావణికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి ముందు హైదరాబాదులో హస్తకళల మేళా జరుపుతున్నారనీ, స్టాళ్ల కేటాయింపు నీ చేతిలో పెట్టారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా ఇంటి పిల్లను నమ్మి అంత పని అప్పగించారని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మేళాలో అందరిచేతా మాట పడే పని అదే. భోజనం బాగాలేకపోతే ఒక పూట విసుక్కుని ఊరుకుంటారు. స్టాలు విషయంలో అన్యాయం జరిగితే ఒక కుటుంబానికి ఆ ఏటి బేరమే పోతుంది. కొండపల్లి నుంచో ఏటికొప్పాక నుంచో వచ్చే మనిషి కర్రకూ రంగుకూ ముందే అప్పు చేసి ఉంటాడని మరచిపోకు.

మైదానం, పందిరి, పోలీసు అనుమతి, తాగునీళ్లు నీకు తెలిసినవే. ఆడవాళ్లు రాత్రి పడుకునే గది తలుపుకు గడియ పడుతుందో లేదో మాత్రం నువ్వే వెళ్లి వేసి చూడు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా నమ్మవద్దు.

అసలు సంగతికి వస్తాను. ముందు డబ్బు కట్టినవారికి ముందు స్టాలు అనే పద్ధతి జోలికి పోకు. నేను లెక్కలు చూసిన ఒక మేళాలో కమిటీ పెద్దాయన అదే నియమం పెట్టాడు. నిజాయితీపరుడు, ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగేవాడు కాదు. "అందరికీ ఒకటే రూలు, ఇందులో పక్షపాతం ఎక్కడుంది?" అనేవాడు. పేపరులో ప్రకటన పడిన రోజే నగరంలోని వ్యాపారులు డీడీలు తీసి ముందు వరుసంతా పట్టేశారు. ఊళ్లకు ఉత్తరాలు చేరేసరికి మిగిలింది ప్రహరీగోడ పక్క వరుస.

నిమ్మలకుంట నుంచి వచ్చిన తోలుబొమ్మల కుటుంబానికి ఆ చివరి స్టాలే దక్కింది. కరెంటు తీగ అక్కడిదాకా లాగలేదు. మేకతోలును వెలుగు దాటేంత పలచగా గీకి, ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. వెనక దీపం లేకపోతే ఆ పనితనం కంటికి ఆనదు. సాయంత్రం జనం వచ్చే వేళకు ఆ తల్లి హనుమంతుడి బొమ్మను రెండు చేతులతో పైకెత్తి, దూరంగా వెలుగుతున్న స్తంభం లైటుకు అడ్డంగా పట్టుకుని నిలబడేది. చేతులు నొప్పిపుడితే దించేది. దించగానే బొమ్మ నల్లబడేది, ఆగినవాళ్లు కదిలిపోయేవారు.

ముందు వరుసలో ఇంకో ఘోరం. మరమీద అచ్చుగుద్దిన గుడ్డను కలంకారీ అని మీటర్ల లెక్కన అమ్ముతున్నాడొకడు. అతనికి రెండు స్టాళ్ల అవతల శ్రీకాళహస్తి నుంచి వచ్చిన చిత్రకారుడు. కరక్కాయ కలిపిన పాలలో గుడ్డ నానబెట్టి, బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టి తీసిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీసినవాడు. వచ్చినవారంతా "పక్కన ఇంత తక్కువకే ఇస్తున్నారు కదా" అంటే, పాపం, రోజంతా సమాధానం చెప్పుకోవడంతోనే సరిపోయింది. మరుసటి ఏడాది పిలిస్తే రానన్నాడు. ఆ పెద్దాయన మీద ఇప్పటికీ నాకు గౌరవమే. కబురు అందరికీ ఒకే రోజు అందనప్పుడు, అందరికీ ఒకటే రూలు అనడంలో అర్థం లేదని ఆయనకు తట్టలేదు, అంతే.

కాబట్టి దరఖాస్తులకు నెల రోజుల గడువు పెట్టు. మొదటి రోజు వచ్చినదీ చివరి రోజు వచ్చినదీ సమానమని ప్రకటనలోనే రాయి. ఫోనులో తెలుగులో చెబితే రాసుకునే మనిషి ఒకరు ఉండాలి. తరువాత చీటీలు తీయండి. అయితే అందరి చీటీలూ ఒకే డబ్బాలో వేయవద్దు. చీరలవాళ్లు వందల్లో వస్తారు, చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీ కుటుంబాలు ఉన్నవే కొన్ని, ఆ గుంపులో వాళ్ల చీటీ రమ్మన్నా రాదు. నేతకు వేరు, కర్రకు వేరు, లోహానికి వేరు, చిత్రానికి వేరు డబ్బా పెట్టు. ఎప్పుడూ మేళాకు రానివాళ్లకు కొన్ని స్టాళ్లు ముందే పక్కన పెట్టు. లేకపోతే ఏటా అవే ముఖాలు.

స్టాలు రావడం ఒకటి, ఏ స్టాలు అన్నది ఇంకొకటి. తోలుబొమ్మకు దీపం కావాలి, సారె తిప్పే కుమ్మరికి నీళ్లూ చోటూ కావాలి. ఇలాంటివారిని అవసరాన్ని బట్టి ముందు కూర్చోబెట్టి, మిగిలినవాటికి అందరి ఎదుటా చీటీ తీయి. మేళా సగంలో వరుసలు మార్చగలిగితే ఇంకా మంచిది. సరుకు మోసుకోవాలని గొణుగుతారు, పరవాలేదు. ఢిల్లీలోని హస్తకళల సంత ఢిల్లీ హాట్ 1994లో మొదలైనప్పుడు కట్టుకున్న పద్ధతిలో నాకు నచ్చింది ఇదే: చాలా స్టాళ్లు ఎవరికీ శాశ్వతం కాదు, పదిహేను రోజులకు చేతివృత్తులవారు మారుతూ ఉంటారు.

దళారులను ఎలా పట్టాలి అంటావా? చేతివృత్తులవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, అదే పహచాన్ కార్డు, అడుగు, కానీ కార్డొక్కటే చూసి వదలకు. అరువు కార్డుతో వచ్చేవాళ్లుంటారు. సగం చేసిన వస్తువు ఒకటి తెమ్మను, నీ ముందే కాసేపు పని చేయమను. చెయ్యే చెబుతుంది. కూకట్‌పల్లి ఫ్లాటులో కూర్చుని ఊలుబొమ్మలు అల్లే అమ్మాయిని మాత్రం దళారుల లెక్కలో వేయకు. ఆమెదీ చేతిపనే, ఆమెకూ ఒక డబ్బా ఉండాలి. కాకపోతే రాత్రికి ఇంటికి వెళ్లి పడుకునే ఆమె అద్దె, నిర్మల్ నుంచి బస్సెక్కి వచ్చినవాడి అద్దె ఒకటి కాకూడదు.

నా అసలు భయం వేరే ఉంది. నువ్వు చిన్నప్పటి నుంచీ ఎవరికీ కాదని చెప్పలేవు. పక్కింటి పిల్ల అడిగిందని కొత్త పరికిణీ ఇచ్చేసి, పాతది కట్టుకుని పండక్కి వచ్చావు. ఆ రోజు నిన్ను తిట్టాను గానీ, లోపల ఎంత ముద్దొచ్చావో నాకే తెలుసు. ఇప్పుడు ఫోన్లు వస్తాయి. మీ బాబాయి స్నేహితుడి కోడలు బొటిక్ పెట్టిందంటారు, ఒక్క కార్నర్ స్టాలేగా అంటారు. ఆ ఒక్క కార్నర్ ఎవరిదో నీకు తెలియదు, ఆ మనిషికి నీ ఫోను నంబరు కూడా ఉండదు. మన బంధువుల దరఖాస్తులు వస్తే నువ్వు ముట్టుకోకుండా ఇంకొకరికి అప్పగించు, ఆ మాట కమిటీ పుస్తకంలో రాయించు. బాబాయి అలిగితే నా నంబరు ఇవ్వు.

చీటీలు తీసే తేదీ ఖాయం కాగానే తెలియజేయి, వస్తాను. మైదానం నక్షా, కరెంటు తీగ ఎక్కడిదాకా వెళుతుందో గీసి, ఈ వారంలోనే పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ