మూలకణ మార్పిడి తర్వాత దాత కణాల శాతం తగ్గింది... భయపడాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. తలసీమియా మేజర్ ఉండటంతో మూడు నెలల క్రితం వాళ్లక్క మూలకణాలతో మార్పిడి చేశారు. రెండో నెల కైమెరిజం (రక్తంలో దాత కణాల వాటా చూసే) పరీక్షలో దాత కణాలు 96 శాతం ఉన్నాయన్నారు. మొన్న చేయిస్తే 88 శాతమే వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.4 ఉంది. నెలన్నరగా రక్తం ఎక్కించలేదు. మార్పిడి విఫలమవుతున్నట్టేనా? మళ్లీ చేయించాల్సి వస్తుందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మార్పిడి విఫలమైందని అనుకోవటానికి ఇప్పుడు ఆధారమేమీ లేదమ్మా. కాకపోతే ఈ తగ్గుదలను తేలిగ్గా వదిలేయటానికీ వీల్లేదు.

మార్పిడి తర్వాత న్యూట్రోఫిల్స్ (ఒకరకం తెల్ల కణాలు) వరుసగా మూడు రోజులు 500కు పైన ఉంటే, ఎక్కించకుండానే ప్లేట్‌లెట్లు వారం పాటు 20 వేలకు పైన నిలబడితే మూలుగ పనిచేయటం మొదలెట్టిందని భావిస్తాం. కానీ ఆ కణాలు అక్కవా, తమ్ముడివా అన్నది ఈ లెక్కలు చెప్పలేవు. అది కైమెరిజం పరీక్షతోనే తెలుస్తుంది. మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల చిన్న చిన్న భాగాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ (దాతకూ రోగికీ పొంతన చూసే కణజాల గుర్తులు) పూర్తిగా కలిసిన అక్కాతమ్ముళ్లలోనూ ఈ తేడా కనిపిస్తుంది. మార్పిడికి ముందే ఇద్దరి నమూనాలూ తీసి ఉంచుకుని, తర్వాత బాబు రక్తంలో ఎవరి డీఎన్‌ఏ ఎంత ఉందో వాటితో పోల్చి లెక్కగడతారు. ఎర్ర కణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి ఆ 88 శాతమనేది తెల్ల కణాల లెక్క మాత్రమే.

తలసీమియాలో ఈ సంగతి చాలా ముఖ్యం. బాబు సొంత మూలుగలో పుట్టే ఎర్ర కణాల్లో చాలావరకు పరిపక్వం కాకముందే అక్కడే నశించిపోతాయి. అక్క కణాల నుంచి పుట్టేవి బతికి రక్తంలోకి వస్తాయి. అందువల్ల తెల్ల కణాల్లో దాత వాటా కొంత తగ్గినా ఒంట్లో తిరిగే ఎర్ర కణాల్లో అత్యధికం దాతవే ఉంటాయి. ఇటలీలోని పెసారోలో డాక్టర్ లుకారెల్లి బృందం మార్పిడి చేసిన పిల్లల్లో కొందరు, దాత కణాలు 20-30 శాతమే స్థిరంగా నిలిచినా, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకోకుండానే ఉన్నారు. లుకేమియాలో సొంత కణాలు మళ్లీ కనిపిస్తే జబ్బు తిరగబెడుతోందేమోనని కంగారు పడతాం. తలసీమియాను ఆ దృష్టితో చూడనక్కర్లేదు.

అలాగని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు, ఎందుకంటే తొలి నెలల్లో దాత కణాల వాటా స్థిరంగా ఉండదు. రెండో నెల నాటికే సొంత కణాలు 25 శాతం దాటినవారిలో మార్పిడి తిరస్కరణకు గురయ్యే ముప్పు చాలా ఎక్కువని పెసారో అనుభవం చెబుతోంది. మీ బాబుకు అప్పుడు 4 శాతమే ఉన్నాయి, ఇది మంచి విషయం. ఇప్పుడవి 12 శాతానికి చేరాయి. ఈ పరీక్షలో కొద్ది శాతం అటూ ఇటూ కావటం మామూలే గానీ, నేనైతే దీన్ని నిజమైన తగ్గుదలగానే తీసుకుని, రెండు మూడు వారాల్లో అదే ల్యాబులో, అదే పద్ధతిలో మళ్లీ చేయిస్తాను. ఈసారి టి-కణాలకూ (రోగనిరోధక తెల్ల కణాల్లో ఒకరకం), మైలాయిడ్ కణాలకూ (న్యూట్రోఫిల్స్ వంటివి) విడివిడిగా చూడమని మీ డాక్టరును అడగండి. మైలాయిడ్ కణాలు దాదాపు పూర్తిగా అక్కవే అయ్యుండి, మిగిలిన సొంత కణాలు టి-కణాలే అయితే మూలుగ గట్టిగానే ఉందని అర్థం. మైలాయిడ్ వాటా కూడా వరుసగా పడిపోతుంటే అప్పుడు చికిత్సలో మార్పు గురించి ఆలోచించాలి.

దాత కణాలను ఒళ్లు తిరస్కరించకుండా, అవి ఒంటిపై దాడి చేయకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మోతాదును మాత్రం మీ అంతట మీరు పెంచటం, తగ్గించటం, ఆపటం చేయొద్దు. దీని స్థాయి చూసే పరీక్షకు వెళ్లేరోజు, ఉదయం మోతాదు వేయకముందే రక్తం ఇవ్వాలి. చాలామంది ఇంట్లో మందు వేసేసి బయల్దేరుతారు. అప్పుడు ఫలితం ఎక్కువగా కనిపించి, అనవసరంగా మోతాదు తగ్గించే ప్రమాదముంది. ఫంగస్ మందులు ఏవైనా ఈమధ్య ఆపేసి ఉంటే ఆ విషయమూ చెప్పండి, వోరికొనజోల్ వంటివి ఆపితే సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోతుంది. ఇక దాత వాటా పెంచటానికి అక్క లింఫోసైట్లు (ఒకరకం తెల్ల కణాలు) ఎక్కించటమంటారా, దాంతో జీవీహెచ్‌డీ (దాత కణాలు బాబు ఒంటిపైనే దాడి చేయటం) తలెత్తే ముప్పుంది. ఒక్క రిపోర్టును చూసి అంతదూరం వెళ్లం. రెండో మార్పిడి ప్రస్తావన ఇప్పుడసలు అవసరమే లేదు.

మరో మాట. వాళ్లక్క తలసీమియా మైనర్ (జబ్బు లేకుండా లోపమున్న జన్యువు ఒకటే ఉండటం) అయితే బాబు హిమోగ్లోబిన్ పరీక్షలోనూ ఏ2 (ఒకరకం హిమోగ్లోబిన్) శాతం 3.5కు పైన వస్తుంది, 'మైనర్' అని రాసి ఉంటుంది. అక్క కణాలు పనిచేస్తున్నాయి కాబట్టే అలా వస్తుంది. పైగా రక్తం ఎక్కించి మూడు నెలలైనా గడవకపోతే ఈ పరీక్షలో ఎక్కించిన రక్తమూ కలిసి కనిపిస్తుంది, కాబట్టి ఇప్పుడే చేయించి అయోమయపడకండి.

హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు వారం వారం తగ్గుతున్నా, ఒంటిపై దద్దుర్లు, నీళ్ల విరేచనాలు, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా మార్పిడి చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఎక్కడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చి, తెల్ల కణాలు వడగట్టిన రక్తమే కావాలని అక్కడి డాక్టరుకు ముందుగానే చెప్పండి.