ఎఫ్‌ఏ మార్కులు ఎక్కించాక ఏం చేయాలి? ఒక లెక్కల టీచరు అనుభవం

ఒక కొత్త టీచరు, తాను కిందటి డీఎస్సీలో ఎంపికై చిత్తూరు జిల్లాలో లెక్కల టీచరుగా చేరానని, ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే పాఠాల మధ్యలో పిల్లలకు ఎంత వచ్చిందో చూసే మదింపులు) పెట్టి మార్కులు ఎక్కించడంతోనే పొద్దు గడిచిపోతోందని, దీనివల్ల పాఠం ఎలా బాగుపడుతుందని అడిగారు. నేను గుడిపాల వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. సర్వీసు 22 ఏళ్లు. ఇదే ప్రశ్న నన్నూ చాలా కాలం పీడించింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

పిల్లలకు ఎంతవరకు అర్థమైందో నిరంతరం, సమగ్రంగా చూడమని 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ చెప్పింది. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) కింద మనకు ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లు (కొంత సిలబస్ అయ్యాక పెట్టే పెద్ద పరీక్షలు) వచ్చాయి. అప్పట్లో ఒక్కో ఫార్మేటివ్‌కు 50 మార్కులు. భాగస్వామ్యానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు (చిన్న రాతపరీక్షకు) 20. ఉద్దేశం మంచిదే. కానీ నేను చేసిందేమంటే, చివరి తేదీ ముందు రాత్రి కూర్చుని గడులు నింపడం. ప్రాజెక్టులన్నీ ఒకే గైడులోంచి ఎత్తి రాసినవి. 38 మార్కులు వేసిన పిల్లవాడికి ఏం రాదో చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఆ పిల్లలు తలపుకొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దశాంశాలు చెబుతున్న రోజుల్లో నాకు విషయం తెలిసొచ్చింది. 7వ తరగతిలో బెల్లుకు అయిదు నిమిషాల ముందు చిన్న చీటీలు పంచి ఒక్క ప్రశ్న ఇచ్చాను. 3.5, 3.25 – ఏది పెద్దది, ఎందుకు? సగానికి పైగా 3.25 అని రాశారు. వారం రోజులుగా కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేస్తున్న పిల్లలే. ‘ఎందుకు’ దగ్గర అందరిదీ ఒకే జవాబు: ఇరవై అయిదు, అయిదు కంటే పెద్దది కదా!

ఇంటికెళ్లి ఆ చీటీలు ముందు వేసుకుని కూర్చుంటే కారణం దొరికింది. బోర్డు దగ్గర నేనే ‘మూడు పాయింట్ ఇరవై అయిదు’ అని చదువుతున్నాను. తప్పు నా నోటి నుంచి పోయింది.

మర్నాడు అనుకున్న పాఠం పక్కన పెట్టాను. రోజూ పాల కేంద్రానికి పాలు తీసుకెళ్లే అమ్మాయి ఒకరుంది. ‘నిన్న ఎంత పోసినారమ్మా?’ అని అడిగాను. ‘మూడున్నర లీటర్లు సార్.’ మొన్న? ‘మూడుంబావు.’ ఏ రోజు ఎక్కువ? ‘నిన్ననే కదా సార్!’ అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. మూడున్నర పక్కన 3.5, మూడుంబావు పక్కన 3.25 రాసి, చాక్‌పీసు కింద పెట్టి పక్కకు జరిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీలో ఒకడు ‘అయితే 3.5 అంటే 3.50 సార్’ అన్నాడు. అప్పుడు పదో వంతులు, వందో వంతుల గడులు గీస్తే పిల్లలే నింపారు. ఆ రోజు నుంచి మా తరగతిలో ‘మూడు పాయింట్ రెండు అయిదు’ అనే చదువుతాం. వారం తర్వాత 0.4, 0.35 ఇచ్చి చూస్తే నలుగురే తప్పు చేశారు. వాళ్లతో ఇంటర్వెల్‌లో విడిగా కూర్చున్నాను.

ఇప్పుడు వారానికి రెండు చీటీలు. వాటికి మార్కులు వేయను, వేస్తే పక్కవాడిది చూసి రాస్తారు. సాయంత్రం పది నిమిషాల్లో మూడు కుప్పలు చేస్తాను: వచ్చినవాళ్లు, పద్ధతి తెలిసి లెక్కలో జారినవాళ్లు, భావనే అందనివాళ్లు. మూడో కుప్పను బట్టి రేపటి మొదటి పది నిమిషాలు ఉంటాయి. చీటీలు చూడడం అదే రోజు జరగాలి, వారం ఆగితే అప్పటికి మనం ఇంకో అధ్యాయంలో ఉంటాం. కుప్పల సంగతి ఒక నోట్‌బుక్కులో రెండు ముక్కల్లో రాసుకుంటే ఎఫ్‌ఏలో భాగస్వామ్యం, రాతపని మార్కులు వేసేటప్పుడు ఊహించాల్సిన పని ఉండదు.

పలకలు కూడా తెప్పించండి, హైస్కూలైనా సరే. మా వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిలకాయలు చాలామంది. నోటితో అడిగితే తెలుగు తప్పుపోతుందేమోనని నోరు విప్పరు. మనం రాదనుకుంటాం. ‘ఒకటి, రెండు, మూడు, ఎత్తండి’ అంటే అందరి జవాబులూ ఒకేసారి కనిపిస్తాయి. రెండేళ్లు నేను వెనకబడ్డాడనుకున్న అబ్బాయి పలక మీద అందరికంటే ముందు జవాబు రాసేవాడు.

నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ‘గుడ్’, ‘ఇంకా బాగా చేయాలి’ అని రాయడం మానేశాను. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లల మీద చేసిన పరిశోధనలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. మార్కూ వ్యాఖ్యా కలిపి ఇస్తే ఆ లాభం కనిపించలేదు. మన బళ్లో కూడా పిల్లలు అంకె చూసి పుస్తకం మూసేస్తారు, మీరూ గమనించే ఉంటారు. అందుకే ‘మూడో లైన్లో గుర్తు మారింది, అక్కడి నుంచి మళ్లీ చెయ్యి’ అని రాస్తాను. మళ్లీ చేశాకే సంతకం.

సిలబస్ అవుతుందా అంటారు. మొదటి నెల నేనూ వెనకబడ్డాను. సమీకరణాలకు వచ్చేసరికి పాత పాఠం మళ్లీ చెప్పే పని తగ్గి, ఆ రోజులు తిరిగొచ్చాయి. అన్ని తరగతుల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క సెక్షన్ తీసుకుని ఈ వారం ఒక్క చీటీ ఇవ్వండి, ‘ఎందుకు’ అనే మాట మాత్రం వదలకండి. ఎక్కువమంది చేసిన తప్పు ఏదో ఇక్కడే కింద రాస్తే, మర్నాడు దాన్ని ఎలా ఎత్తుకోవాలో కలిసి ఆలోచిద్దాం.