ఎన్నారై సందేహాలు: అమెరికా హైస్కూల్లో మగ టీచర్లు చాలామంది ఉన్నారు కదా, తోడు దొరుకుతుందా?

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. యునెస్కో టేబుల్ చూసి, అప్పర్ సెకండరీలో, అంటే హైస్కూల్ పై తరగతుల్లో, అమెరికాలో మగ టీచర్లు లక్షల్లో ఉన్నారు, అంటే మనలాంటి ఇంటర్ లెక్చరర్లకి అక్కడ ఇబ్బంది ఉండదుగా అన్నావ్. మొట్టమొదట ఆ లెక్క చూసే పద్ధతి మార్చుకో. దేశం పెద్దదైతే సంఖ్యా పెద్దదే ఉంటుంది, మన దేశం సంఖ్య అమెరికా కంటే పైనే ఉంటుంది. పైగా ఆ టేబుల్లో ఇండియాకి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా కలిపేస్తారు, అమెరికాకి పది, పదకొండు, పన్నెండే. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువ అంటే ఎలా? చూడాల్సింది వంద మందిలో ఎందరు అని. అమెరికా ప్రభుత్వ సెకండరీ స్కూళ్ళలో 2017-18 లెక్కల ప్రకారం మగవాళ్ళు 36 శాతం, ఎలిమెంటరీలో అయితే 11 శాతమే. అదే జపాన్‌లో అప్పర్ సెకండరీ స్థాయిలో మూడింట రెండొంతులు మగవాళ్ళే.

సరే, 36 శాతం అంటే ముగ్గురిలో ఒకడు, ఫర్లేదు అనిపిస్తుంది కదా. నేనూ అలాగే అనుకుని 2007లో హెచ్-1బి మీద వచ్చా, డాలస్‌కి నాలుగ్గంటల దూరంలో చిన్న ఊరు, మ్యాథ్స్. నరసరావుపేటలో మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో పద్నాలుగు మందిమి, ఇద్దరు మేడమ్‌లు తప్ప అందరం మగవాళ్ళమే, పీరియడ్ అవగానే బయట బంకు దగ్గర టీ, సాయంత్రం స్టడీ అవర్స్ అయ్యేదాకా ఒకరికొకరం. ఇక్కడ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిది మందిలో నేనొక్కడినే మగవాణ్ణి. మిగతా మగ టీచర్లు ఎక్కువమంది సోషల్ చెప్తూ ఫుట్‌బాల్ కోచ్‌లుగా ఉండేవాళ్ళు, బెల్ కొట్టగానే గ్రౌండ్‌కి పోయేవాళ్ళు. ఇంకో సంగతి, ఇక్కడ లెక్చరర్ క్లాసులు మారడు, పిల్లలే మన గదికొస్తారు, అంటే పొద్దున లోపలికెళ్తే సాయంత్రం దాకా అదే గది. జపాన్ స్కూళ్ళలో టీచర్లందరికీ ఒకే పెద్ద గదిలో పక్కపక్కనే బల్లలుంటాయట, అది చదివినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది.

నేను చేసిన తప్పేంటంటే, లంచ్ అరగంటే కదా, ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి ఏం మాట్లాడతాం అని టిఫిన్ డబ్బా గదిలోనే తినేసేవాణ్ణి, ఏడాది పాటు. పాట్‌లక్‌కి, అంటే ఎవరి వంట వాళ్ళు తెచ్చి కలిసి తినే విందుకి, పిలిస్తే మన పులిహోర వాళ్ళు తింటారో తినరో అని వెళ్ళలేదు. రెండుసార్లు వెళ్ళకపోతే మూడోసారి పిలవరు, నాకు ఇష్టం లేదేమో అనుకున్నారు పాపం. ఇంట్లో కూడా ఎవరూ లేరు, డబ్బు మిగుల్తుందని మా ఆవిణ్ణి ఏడాది తర్వాత రమ్మన్నా. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా నోరు విప్పి మాట్లాడింది అమ్మతో ఫోన్లోనే. జనవరిలో జ్వరమొస్తే మూడు రోజులు ఎవరికీ తెలీలేదు, ఆ మూడు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో ఏడు మా డిపార్ట్‌మెంట్ హెడ్, పెద్దావిడ, తనే నా గదికొచ్చి ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. తర్వాత నన్ను బాస్కెట్‌బాల్ ఆటలకి టికెట్లు తీసుకునే డ్యూటీకి పంపింది, ఊరంతా అక్కడికే వస్తుంది, రెండు నెలల్లో షాపుకెళ్తే పేరుపెట్టి పలకరించేవాళ్ళు. ఇవాళ అదే జిల్లాలో కొత్త టీచర్లకి నేనే మెంటార్ని. మీ తరం వాట్సాప్ గ్రూపులుంటే చాలనుకుంటారు, చాలదు తమ్ముడూ, జ్వరమొస్తే గ్రూపు వచ్చి గంజి కాచిపెట్టదు.

వీసా సంగతి, నువ్వొచ్చేది జే-1 మీద, అంటే ఎక్స్ఛేంజ్ టీచర్లకిచ్చే తాత్కాలిక వీసా మీద అన్నావ్, మూడేళ్ళు, ఆపైన ఒకటో రెండో ఏళ్ళు పొడిగిస్తారు, వివరాలు స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్లో చూస్కో. జీతం పది నెలలకా పన్నెండు నెలలకా అని అడిగితే పన్నెండు అను, లేకపోతే వేసవిలో చేతిలో ఏమీ ఉండదు. భార్యని మాత్రం నీతోనే తెచ్చుకో, ఖర్చు లెక్కలేసి ఆపకు.

ఆఫర్ వచ్చిన స్కూల్ వెబ్‌సైట్లో స్టాఫ్ డైరెక్టరీ ఉంటుంది, నీ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఉన్నారో, మనవాళ్ళెవరైనా ఉన్నారో చూడు. ఆ ఊరికి గుడి ఎంత దూరమో కూడా చూడు. టెక్సాస్ అయితే ఊరి పేరు నాకు పంపు, అక్కడ తెలుగు కుటుంబాలెవరున్నారో ఈ ఆదివారమే కనుక్కుని చెప్తా.